అత్తగారి కారు: బానెట్ ప్రవేశ నియమావళి

మనిషి నిప్పును కనిపెట్టాడు, చక్రాన్ని కనిపెట్టాడు, చివరికి బ్యాటరీని ఎవరికీ చేతికందని చోట పెట్టడం కనిపెట్టాడు. దాంతో నాగరికత సంపూర్ణమైంది. అనుమానం ఉన్నవారు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి వచ్చి మా అత్తగారి స్పోర్ట్స్ కారును చూసుకోవచ్చు (ప్రవేశం ఉచితం, బానెట్‌లోకి తప్ప).

ఈ పాతకాలపు కారుకి ఇంజను వెనక ఉంటుంది. ముందు బానెట్ కింద సామాన్ల అర, ఆ అర అడుగున బ్యాటరీ. బానెట్‌కి తాళం లేదు. లోపల మీట నొక్కితే కరెంటుతో తెరుచుకుంటుంది. ఆ కరెంటు ఇవ్వాల్సింది బ్యాటరీ. ఆ బ్యాటరీ చచ్చిపోయింది. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అని పెద్దలు అన్నది ఈ మోడల్‌ని చూసే అయి ఉంటుంది.

మా అత్తగారు మత్తు డాక్టరు. ఉద్యోగం చేసినంతకాలం జనాన్ని నిద్రపుచ్చి, రిటైరయ్యాక తన మెలకువ కోసం ఈ ఎర్ర కారును సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నారు. అది మొరాయించాక కూడా రోజూ సాయంత్రం కిందికి దిగి, స్టీరింగ్ పట్టుకుని కాసేపు కూర్చుని వచ్చేవారు. చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆవిడ కొడుక్కి, అంటే మా బావమరిదికి, మాత్రం కొనేవాడు కనిపించాడు.

“నడవని కారుకి కాపలా ఎందుకమ్మా? ఆదివారం పార్టీ వస్తున్నాడు, ఇచ్చేద్దాం.”

“ఈలోపు నడిస్తే?”

“నడిస్తే నీ దగ్గరే ఉంచుకో. మళ్ళీ అడిగితే ఒట్టు.”

అత్తగారు నావైపు చూశారు. అలా బ్యాటరీ నా నెత్తిన పడింది. వెంటనే కంపెనీ వారి అధీకృత సేవా కేంద్రానికి ఫోన్ చేశాను.

“బ్యాటరీ సీరియల్ నంబర్ చెప్పండి సార్,” అంది అక్కడి అమ్మాయి.

“అది బ్యాటరీ మీద ఉంటుందమ్మా.”

“చూసి చెప్పండి సార్, లైన్లోనే ఉంటాను.”

“బానెట్ తెరుచుకోవట్లేదు.”

“ఎందుకని సార్?”

“బ్యాటరీ పోయింది.”

“అయ్యో. అయితే ముందు బ్యాటరీ మార్పించుకోండి సార్. ఆ తర్వాత నంబర్ చెప్తే, బ్యాటరీ మార్చడానికి రిక్వెస్ట్ పెడతాను.”

ఆ గొంతులో నిజమైన సానుభూతి ఉంది. అందుకే కోపం తెచ్చుకోలేకపోయాను. మర్నాడు పై అధికారి (హోదా: అప్రాప్య విడిభాగాల సమన్వయకర్త) దారి చూపించారు. అసలు కారులో బ్యాటరీయే లేదని నేను రాసిస్తే ఇక నంబరు అడగరట. రాసిచ్చాను.

తర్వాత అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శిగారి దగ్గరికి వెళ్ళాను.

“సెల్లార్‌లో రిపేర్లు నిషేధమండీ. బయటికి తీసుకెళ్ళి చేయించుకోండి.”

“బయటికి రావాలంటే బండి నడవాలి కదండీ.”

“నడుస్తుంటే రిపేరెందుకండీ?”

పోనీ లాక్కెళ్ళే లారీని పిలుద్దామంటే, అది సెల్లార్ కప్పు కన్నా ఎత్తు. చివరికి కార్యదర్శిగారే పెద్దమనసు చేసుకుని కమిటీని కూర్చోబెట్టారు. కదలని వస్తువు కాబట్టి సదరు కారును ఫర్నిచర్‌గా గుర్తిస్తూ తీర్మానం చేశారు. ఫర్నిచర్ బాగు చేయించుకోవడానికి సెల్లార్‌లో అభ్యంతరం లేదు.

ఆ విధంగా, బ్యాటరీ లేని ఫర్నిచర్‌కి కొత్త బ్యాటరీ వేయడానికి ఆదివారం పొద్దున్నే ఇద్దరు వచ్చారు. ఒకాయన మెకానిక్. రెండో ఆయన పర్యవేక్షకుడు. ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మీట నొక్కి చూసి, బానెట్ తెరుచుకోలేదని ధ్రువీకరించారు.

“దీనికో పద్ధతి ఉంటుందండీ. కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసుంటుంది. అదెక్కడుంది?”

“బానెట్ కింద,” అన్నాను.

అత్తగారు గొంతు సవరించుకున్నారు. ఆ పుస్తకాన్ని కారు కొన్న కొత్తలోనే ఆవిడ మంచం మీద నవలలా చదివేశారు. “ముందు కుడి చక్రం విప్పండి బాబూ. వెనక ప్లాస్టిక్ తొడుగు తీస్తే చిన్న తీగ ఉంటుంది. అది లాగితే బానెట్ తెరుచుకుంటుంది.”

“నోటిమాట మీద చక్రం విప్పడానికి మాకు అధికారం లేదమ్మా. కారు కొన్నప్పుడు మా యాప్‌లో బాధ్యుల పేరు మీ అబ్బాయిది రాయించారు. ఆయన చెప్పాలి.”

“కారు నాదయ్యా!”

“కారు మీదేనమ్మా. మాట ఆయనది కావాలి.”

మా బావమరిదిని నిద్రలేపి తీసుకొచ్చాం. అత్తగారు చెప్పారు, అతను ఆవులిస్తూ తిరిగి చెప్పాడు. పర్యవేక్షకుడు దాన్ని ‘సాంకేతిక సలహా’గా నమోదు చేసుకుని, ఇంత పరిజ్ఞానం ఈ రోజుల్లో అరుదని అతన్ని మెచ్చుకున్నారు. అతను మొహమాటంగా నవ్వాడు. మెకానిక్ చక్రం విప్పి తీగ లాగాడు. బానెట్ తెరుచుకుంది. అక్కణ్ణుంచి ఆయన నడుము దాకా లోపలికి దూరి, కొన్ని మరలనూ కొన్ని బూతులనూ విప్పి, పాత బ్యాటరీ తీసి కొత్తది బిగించి, చక్రం తొడిగాడు.

అత్తగారు లోపల కూర్చుని తాళం తిప్పారు. సెల్లార్ అదిరింది. ఆవిడ మొహంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు. నా కళ్ళు కూడా చెమర్చాయి (పొగ కూడా కొంత కారణం).

సరిగ్గా అప్పుడే కొనే ఆయన వచ్చాడు. ఇంజను చప్పుడు విని బావమరిది నిద్రమత్తు పూర్తిగా వదిలింది. నన్ను పక్కకి లాగాడు.

“బావా, నడిచే కారంటే రేటే వేరు!”

“నడిస్తే అడగనని ఒట్టు పెట్టుకున్నావు కదయ్యా?”

“అది నడవనప్పుడు అన్న మాట బావా. ఇప్పుడు పరిస్థితి మారింది కదా.”

కొనే ఆయన మర్యాదస్తుడు. కారులో ఉన్న అత్తగారి వైపు చూసి, “అమ్మగారికి ఇష్టమేనాండీ?” అని అడిగాడు.

“అమ్మదేముందండీ, అమ్మ ఏమీ అనదు,” అన్నాడు బావమరిది.

అత్తగారు నిజంగానే ఏమీ అనలేదు. బెల్టు పెట్టుకుని, మొదటి గేరు వేశారు.