పెదాలు కదిపితే చాలన్నాడు

దగ్గరికి జరగండి. ఇంకాస్త. ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు, గట్టిగా వినబడ్డాక ఏమైందో మీకే తెలుస్తుంది. మా ఊళ్లో సైతానును కొలిచే రహస్య సంఘం ఒకటి ఏర్పడిందనీ, సదరు సంఘానికి అధ్యక్షురాలిని నేనేననీ ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.

సంఘాన్ని స్థాపించింది మా రెండో అల్లుడు. ఫొటో స్టూడియో నడుపుతాడు. పాస్‌పోర్టు సైజులో తన ప్రతిభ ఇమడడం లేదని ఒకరోజు కనిపెట్టి, సినిమా తీస్తానన్నాడు. చిన్న ఊరు, ఆ ఊళ్లో సైతాను ముఠా, ముఠా చేతికి చిక్కిన ఒక అమాయకురాలు, ఇదీ కథ. ఇలాంటివి ఇప్పటికే బోలెడు వచ్చాయి కదా అని మా అమ్మాయి అడిగితే, అందుకే తీయడం సులువు అన్నాడు. నాకా మాటలో చాలా లోతు కనిపించింది. నేను చదివింది మూడో తరగతి.

ఇక్కడ మా పక్కింటి వదిన గురించి చెప్పాలి. చుట్టరికం ఏమీ లేదు. నేను కాపురానికి వచ్చిన రోజున గోడ మీంచి తొంగిచూసి, “పాలు పొంగుతున్నట్టున్నాయి, చూసుకో” అంది. అప్పటినుంచి వదినే. మా గోడలో నాలుగు ఇటుకలు తీయించుకుని, ఆ కంతలోంచి కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటూ ముసలివాళ్లమయ్యాం. ఆవిడ గొంతు వినకపోతే నాకు పొద్దు గడవదు. ఈ వయసులో పోగొట్టుకోవడానికి నా దగ్గర మిగిలిందల్లా ఆవిడే.

వేషాలు పంచే రోజున అల్లుడు వదిన ముఖంలో జాలి ఉందని గుర్తించి, బలయ్యే అమాయకురాలి వేషం ఆవిడకిచ్చాడు. కథ ప్రకారం అది పడుచుపిల్ల. కానీ ఏ పడుచుపిల్లా గంటల తరబడి బల్ల మీద కదలకుండా పడుకోవడానికి ఒప్పుకోలేదు. వదిన మోకాళ్ల నొప్పుల వల్ల ఎలాగూ కదలదు. తర్వాత నా ముఖం చాలాసేపు చూసి, “అత్తయ్యా, ముఠా నాయకురాలు మీరే. మీకు మేకప్ కూడా అక్కర్లేదు” అన్నాడు. ఆ మెప్పును వీధి వీధంతా తిరిగి చెప్పుకున్నాను. విన్నవాళ్లంతా నిజమే నిజమే అన్నారు. అది మెప్పేనా అన్న అనుమానం వారం తర్వాత గాని రాలేదు. వదిన వేషం మీద నాకు అసూయ ఏమాత్రం కలగలేదు. ఆ వారం అన్నం సహించలేదు, అంతే.

మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో షూటింగు. రాత్రిళ్లు తీస్తే లైట్ల అద్దె ఎక్కువని, మిట్టమధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి పుట్టించారు. సంఘ సభ్యుల నల్ల అంగీలను టైలరు గొడుగు గుడ్డతో కుట్టాడు. మేం కదిలినప్పుడల్లా వాన రాబోతున్నట్టు చప్పుడయ్యేది. పుర్రెను బడి నుంచి తెచ్చారు. సదరు పుర్రెను యథాస్థితిలో, పళ్లతో సహా తిరిగి అప్పగించవలసిందని హెడ్మాస్టరు షరతు పెట్టి, దానికి తోడుగా తానూ వచ్చి అంగీ తొడుక్కున్నారు. నల్లపిల్లి దొరకలేదు. దొరికిన తెల్లపిల్లికి మిగిలిన గొడుగు గుడ్డతో చొక్కా కుట్టారు. సైతాను వేషం మంగలిది. కొమ్ములు పెట్టుకున్నాక కూడా ఆయన ఎదురైన ప్రతివాడి తలా చూసి, చెవుల దగ్గర కొంచెం పెరిగింది అనేవాడు.

అసలు చిక్కు మంత్రం దగ్గర వచ్చింది. అందరం బల్ల చుట్టూ నిలబడి సైతానును పిలవాలి. అల్లుడు రాసిన మంత్రం ఎవరి నోరూ తిరగలేదు. పైగా కెమెరా తిరగ్గానే అందరం పెళ్లి ఫొటోకు నిలబడ్డట్టు నవ్వేవాళ్లం. అరపూట చూసి అల్లుడు తల పట్టుకున్నాడు. “మంత్రం వద్దు, ఏమీ వద్దు. పెదాలు కదిపితే చాలు. గొంతులు తర్వాత వేరేవాళ్లచేత వేయిద్దాం. ఎవరి మీద కోపముందో వాళ్లను తలుచుకుని, నోటికొచ్చింది గొణగండి” అన్నాడు.

చిత్రమేమిటంటే, ఆ మాట అనగానే అందరికీ నటన వచ్చేసింది. కళ్లు ఎర్రబడ్డాయి, దవడలు బిగిశాయి. హెడ్మాస్టరు గారి ముఖం చూసి పిల్లి బల్ల కింద దూరింది. కెమెరా ఆపినా మేం ఆపలేదు. భోజనాలు వచ్చాయని చెప్పినా, ఇంకో రెండు మాటలున్నాయి అన్నారు కొందరు. ఊళ్లో ఇంత కళ దాగి ఉందని ఇన్నాళ్లూ తెలియలేదని అల్లుడు కన్నీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత గొంతులు వేసేవాళ్లకు ఆనవాలుకట, నాయకురాలిని కనుక నా అంగీకి చిన్న మైకొకటి తగిలించారు. అది నగేమో అనుకుని సర్దుకుంటూ నిలబడ్డాను.

గొంతులు వేయించడానికి డబ్బు మిగల్లేదు. సహజ శబ్దమే నేటి పద్ధతి అని అల్లుడు ప్రకటించాడు. పద్ధతి అన్నాడంటే మంచిదే అయి ఉంటుందని నేను సంతోషించాను.

మా ఊరి హాల్లో మ్యాట్నీ. ఊరంతా వచ్చింది. సైతాను రాగానే జనం చప్పట్లు కొట్టి కటింగు ఎప్పుడన్నారు. పిల్లి చొక్కాకు ఈలలు వేశారు. వదిన మాత్రం బల్ల మీద తనను తాను చూసుకుని భయపడి, నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు మంత్రం సీను వచ్చింది. హాలు నలుమూలల నుంచీ సహజ శబ్దం మొదలైంది.

మందుల షాపు మేడ మీద ఇంకో అంతస్తు లేవకూడదని హెడ్మాస్టరు గొంతు. హెడ్మాస్టరుకు నీళ్లు లేని చోటికి బదిలీ కావాలని మందుల షాపాయన గొంతు. అత్త చెవులు పూర్తిగా పోయాయి, ఇక నోరు కూడా పోవాలని టైలరు కోడలు. కోడలు చీటికి మాటికి పుట్టింటికి పోతోంది, ఒకసారి పోయి అక్కడే ఉండిపోవాలని ఆ అత్త. ఇద్దరూ ఒకే తాను గొడుగు గుడ్డలో భుజం భుజం ఆనించి నిలబడి ఉన్నారు. కౌన్సిలరు పేరు నాలుగు వైపుల నుంచీ వచ్చింది. ఆ తర్వాత అన్నిటికంటే స్పష్టంగా, గుండెకు తగిలించిన మైకులోంచి, నా గొంతు.

“వదిన గుమ్మానికి కట్టిన కొత్త తెర మొదటి ఉతుకులోనే వెలిసిపోవాలి. ఆవిడ పంపే చప్పిడి కూరలు బావున్నాయని చెప్పి చెప్పి నా నాలుక మొద్దుబారింది. నాకు మోకాళ్ల నొప్పంటే, నా దాంతో పోలిస్తే నీదీ ఒక నొప్పేనా అంటుంది. ఆ నొప్పి నిజంగానే అంత గొప్పదైపోవాలి.”

వదిన నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. విసురుగా కాదు. ఒక్కొక్క వేలూ విడిపించుకుంది.

హాల్లో ఎవరూ నవ్వలేదు. లైట్లు వేశాక ఎవరూ పక్కసీటు వైపు చూడలేదు. భయానక చిత్రం చూసి జనం నిజంగా భయపడడం మా ఊళ్లో అదే మొదలు. ఆ సీను ఎందుకు తీసేయలేదని అల్లుడిని నిలదీశాను. “తీసేద్దామనే కూర్చున్నానత్తయ్యా. కానీ సినిమా మొత్తంలో నాక్కూడా భయమేసింది అక్కడొక్కచోటే. ఎలా తీయమంటారు?” అన్నాడు. కళాకారుడికి అత్తగారు ఒక లెక్కా.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. సరిగ్గా వినబడలేదని జనం మళ్లీ మళ్లీ వెళ్లారు. ఎవరిని ఎందరు శపించారన్నది హోదా అయిపోయింది. ఎవరి నోటా తన పేరు రాలేదని పోస్ట్‌మాస్టరు మంచం పట్టాడు. ఇన్నేళ్లు ఉత్తరాలు ఆలస్యం చేసినా తనను గుర్తించలేదని ఆయన బాధ. అందరికంటే ఎక్కువ శాపాలు పొందిన కౌన్సిలరుకు సన్మానం చేశారు. ఆయన దండ సర్దుకుని ప్రసంగించారు. “మన ఊళ్లో సైతాను లేడని ఈ చిత్రం శాస్త్రీయంగా రుజువు చేసింది. ఉంటే మనం కోరినవన్నీ ఈపాటికి జరిగి, ఊళ్లో ఒక్కరూ మిగిలేవారు కాదు. కనుక ప్రజలు నిర్భయంగా కలిసిమెలిసి ఉండవలెనని కోరుతున్నాను.” అందరూ చప్పట్లు కొట్టి, ఎవరి దారిన వాళ్లు విడివిడిగా ఇళ్లకు పోయారు.

గోడ కంతలోంచి గిన్నె రావడం మానేసింది. నేను పంపిన గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చింది. అదంతా నటన వదినా అని కంతలో ముఖం పెట్టి చెప్పాను. అవతల కొత్త తెర దించి ఉంది. ఎంత బావుందో ఆ రంగు. నా వంటలో ఉప్పు సరిగ్గానే ఉండేది, ముద్ద మాత్రం దిగేది కాదు. బావుందని అబద్ధం చెప్పడానికి మనిషి లేని ఇంట్లో అన్నం తినడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

రెండో భాగం తీస్తున్నట్టు అల్లుడు బోర్డు కట్టిన మర్నాడు వదిన వచ్చింది. కంత దగ్గరికి కాదు, వీధి గుమ్మంలోంచే. మోకాలు పట్టుకుని కుర్చీలో కూర్చుంది.

“మీ అల్లుడు రెండోది తీస్తున్నాడటగా” అంది.

“అవును వదినా.”

“నాయకురాలి వేషం నాకిమ్మను. బల్ల మీద నువ్వు పడుకో.”

“అలాగే వదినా.”

“ఆ చిన్న మైకు కూడా నాకే పెట్టమను.”

“చెప్తాను.”

“కళ్లు మూసుకునే ఉండాలి. మధ్యలో లేచి జవాబు చెప్పకూడదు. నేను చెప్పానా?” అని కాఫీ అడిగి తాగి వెళ్లింది.

ఇప్పుడు ఊళ్లో వేషాలకు పోటీగా ఉంది. పోస్ట్‌మాస్టరు మంచం దిగాడు. సైతాను పాత్ర అనవసరపు ఖర్చని అల్లుడు తీసేశాడు. ఆయన లేని లోటు ఎవరికీ తెలియలేదు. సోమవారం నేను బల్ల ఎక్కుతున్నాను. వదిన ఏమేం గొణుగుతుందో అని కాదు నా భయం. అంతసేపూ నిలబడి, అనడానికి ఏమీ దొరక్క ఊరుకుంటే ఏం చేయను? తన మీద ఏ కోపమూ లేని మనిషిని శపించినదాన్ని ఊరు మొత్తంలో నేనొక్కదాన్నే అని తేలిపోదూ.

ఈ కథ గుర్తుంచుకోండి, నలుగురికీ చెప్పండి. మా వదిన కూర, మా వదిన తెర అని ఉన్నది ఉన్నట్టే చెప్పాలి సుమా. చెబుతూ చెబుతూ మీ పక్కింటివాళ్లది ఏదో ఒకటి కలపాలని నాలుక లాగుతుంది. లాగితే కలుపుకోండి. ముందు వాళ్లు ఆ చుట్టుపక్కల లేరని మాత్రం చూసుకోండి.