యాభయ్యో ఇల్లు

ఆ సోమవారం పొద్దున్న లైబ్రేరియన్ వేసుకున్న పథకం చాలా సులువైంది. తొమ్మిదింటికి ఇంటర్నెట్ కంపెనీ మెకానిక్ వస్తాడు. అతన్ని వెంటబెట్టుకుని ఒకటో నంబరు ఇంటి నుంచి వరసగా తీగలు వేయించాలి. యాభయ్యో ఇంటికి వచ్చేసరికి వారం పడుతుంది. ఈలోగా ఏదో ఒక సాకు తోచకపోదు.

యాభై అన్నది కంపెనీ పెట్టిన షరతు. యాభై ఇళ్ళవాళ్ళు దరఖాస్తు పెడితేనే కొండ మీదికి తీగ తెస్తామన్నారు. ఊళ్ళో ఉన్నవే నలభై తొమ్మిది. ఫోన్‌లో సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు మెట్లెక్కాలి. పోయిన నెల నర్సు ఎవరిదో రిపోర్టు పంపబోయి ఫోన్‌ని ట్యాంకులో జారవిడిచింది. కాలేజీ పిల్లలు ఆ మెట్ల మీదే ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో పరీక్షల ఫారాలు నింపుతున్నారు. చూసి చూసి లైబ్రేరియన్ మనసు ఆగలేదు. తమ దొడ్లో ఉన్న మేకల పాకనే యాభయ్యో ఇల్లుగా రాసేసింది. యజమాని పేరు: గడ్డమయ్య. అది వాళ్ళ మేకపోతు ముద్దుపేరు. వయసు నాలుగని రాసి, ఇంటి యజమానికి మరీ తక్కువనిపించి పక్కన సున్నా చేర్చింది. భర్తకి ఈ సంగతి చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

మెకానిక్ చెప్పిన టైముకే వచ్చి జాబితా విప్పాడు. "మేడమ్, మా బండి యాభయ్యో నంబరు వైపు దారినే వచ్చింది. అందుకని చివరి నంబరు నుంచి మొదలుపెడతా. గడ్డమయ్య గారిల్లు చూపిస్తారా?"

ఆవిడ దొడ్డి దారికి అడ్డంగా జరిగింది. "ఆయనకి... ఒంట్లో బాగాలేదండీ."

"ఒక్క సంతకం చాలు."

"చెయ్యి స్వాధీనంలో లేదు."

"పోనీ, వేలిముద్ర?"

"వేళ్ళు కూడా..." అని ఆవిడ నాలిక్కరుచుకుంది.

"అయ్యో పాపం! నలభై ఏళ్ళకేనా!" అన్నాడు మెకానిక్.

అతను మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. వద్దంటున్నా వినకుండా ఎదురింట్లో ఉన్న నర్సుకి కబురు చెప్పాడు. "నా రిజిస్టర్లో లేని రోగి ఈ ఊళ్ళో ఉన్నాడా?" అంటూ ఆవిడ సంచీ తగిలించుకుని పరుగెత్తుకొచ్చింది. సరిగ్గా అప్పుడే మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో దుకాణంలోంచి బయటికొచ్చాడు లైబ్రేరియన్ భర్త. ఆయన దర్జీ.

"అన్నయ్యగారూ, గడ్డమయ్యకి ఎలా ఉంది?" అని అడిగింది నర్సు.

"వాడికేం, దుక్కలా ఉన్నాడు! పొద్దున్నే నేను కుట్టిన చొక్కా కాలరు నమిలేశాడు."

నర్సు, మెకానిక్ మొహమొహాలు చూసుకున్నారు. మతి కూడా చలించిందన్నమాట!

"ఎక్కడుంచారు?" అన్నాడు మెకానిక్ మెల్లగా.

"పాకలో. గుంజకి కట్టేశాం. వదిలితే పక్కింటి పెరట్లో పడతాడు."

"కొడతారా?"

"మాట వినకపోతే ఒకటేస్తాం. మంచి బేరం తగిలితే వచ్చే నెల అమ్మేస్తా."

లైబ్రేరియన్ వెనకనుంచి కళ్ళతో, చేతులతో, చివరికి జడతో కూడా సైగలు చేసింది. ఆమెకి మెడ పట్టేసిందేమో అనుకున్నాడాయన. మెకానిక్ వెళ్ళి నీళ్ళ ట్యాంకెక్కి పై అధికారికి ఫోన్ చేశాడు. సిగ్నల్ తెగుతూ తెగుతూ సగమే చేరింది. ఆ సగం చాలింది. గంట తిరక్కుండా అధికారి జీపులో దిగాడు, వెంట ఇద్దరు పోలీసులు. వాళ్ళ వెనక ఊరు ఊరంతా.

"పాక తలుపు తియ్యండమ్మా," అన్నాడు అధికారి.

లైబ్రేరియన్ తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది. ఇక దాచి లాభం లేదనిపించింది. "తప్పు నాది సార్. మా ఆయనకేం తెలీదు," అంటూ గడియ తీసి, గుంజకున్న కట్టు విప్పింది.

గడ్డమయ్య తాపీగా బయటికొచ్చాడు. అందర్నీ ఒకసారి పరకాయించి చూశాడు. అధికారి చేతిలోని తన దరఖాస్తు లాక్కుని, వయసు రాసిన వైపునుంచి తినడం మొదలుపెట్టాడు.

"గడ్డమయ్య... గారా?" అన్నాడు మెకానిక్ నీరసంగా.

లైబ్రేరియన్ ముందుకొచ్చింది. "కేసు పెడితే నా మీద పెట్టండి సార్. తీగ మాత్రం వెనక్కి తీసుకుపోకండి. ఈ పిల్లల్లో ఎవరో ఒకరు ఆ ట్యాంకు మీంచి పడేదాకా చూస్తూ కూర్చోలేను."

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మొత్తం జాబితాలో ఒక్క మేకేనా?"

"ఒక్కటే సార్. ఒట్టు."

"పక్క కొండ మీద ఊళ్ళో తొమ్మిది గేదెలకి కనెక్షన్లిచ్చాం. ఒక బెదురుబొమ్మకి కూడా ఇచ్చాం. స్పీడు చాల్లేదని అది రెండుసార్లు ఫిర్యాదు పెట్టింది. ఇంత నిజాయితీగల జాబితా నా సర్వీసులో చూడలేదమ్మా." ఆయన మెకానిక్ వైపు తిరిగాడు. "పని మొదలెట్టు. కంప్యూటర్లో ఎక్కిన చిరునామా కొట్టెయ్యడం నా వల్ల కాదు. ముందు ఈ ఇల్లే."

మధ్యాహ్నం మూడింటికి పాకలో పెట్టె మీద పచ్చలైటు వెలిగింది. నర్సు గడ్డిమోపు మీద కూర్చుని కొత్త ఫోన్లోంచి నెల రోజుల రిపోర్టులు పంపింది. పిల్లలు కుడితి తొట్టి చుట్టూ చేరి ఫారాలు నింపారు. పోలీసులిద్దరూ ఫోన్లు తీసి, కదిలే పనేం లేనట్టు గోడకి జారగిలబడ్డారు.

"వాడికి నలభై ఏళ్ళా?" అన్నాడు దర్జీ భార్యతో, బాగా నొచ్చుకుని. "నాకన్నా పెద్దవాణ్ణి చేశావే!"

ఇంటి యజమాని మాత్రం లోపల చోటు చాలక బయటే నిలబడ్డాడు.