పడకగదిలో పైరు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. ఎండెల్ ముందు పెళ్ళి చేసుకుని ఆ తర్వాత ఇల్లు మొదలుపెట్టాడు, అక్కడే చెడింది. దుంగల ఇల్లు కుదురుకునేదాకా లోపల మట్టి పూయకూడదు. అందుకని రెండేళ్ళుగా ఎండెల్, మైరె దంపతులు పెరట్లోని ఆవిరిస్నానపు గుడిసెలోనే కాపురముంటున్నారు. చివరికి మైరె తేల్చి చెప్పేసింది.

"నడివేసవి జాన్ పండుగకి ఆ పడకగదిలో మంచం పడాలి. లేదంటే టార్టు పట్నంలో మా అమ్మ దగ్గరికి పోతా. ఈ చెక్కబల్ల మీద పడుకుని నా నడుము విరిగిపోయింది."

పండుగ ఇంకా పది రోజులుందనగా ఎండెల్ పొద్దున్నే కాఫీ తాగి, సాయంత్రానికల్లా ఆ గది పూత ముగించేద్దామని లేచాడు. దుంగలకు రెల్లు తడకలు ముందే కొట్టి ఉంచాడు. తీరా బంకమట్టి నానేశాక చూస్తే గడ్డి చాలలేదు. పక్కింటి ఎవాల్డ్ తన కొట్టంలోంచి బార్లీ గడ్డి మోసుకొచ్చి ఇచ్చాడు.

"బాగా దులిపి కలపరా. గింజలున్నాయి."

"గోడలోకేగా బాబాయ్, ఏరుకుని ఎవడు తింటాడు?" అని ఎండెల్ దులపకుండానే తొక్కి కలిపేశాడు. పూత నున్నగా వచ్చింది. బయట ముసురు పట్టింది. త్వరగా ఆరాలని గది వేడిచేసే పొయ్యి రాజేసి, కిటికీలు బిగించాడు.

అయిదోనాడు తలుపు తీస్తే నాలుగు గోడలూ వేలెడు మొలకలతో పచ్చగా కళకళలాడుతున్నాయి. ఎండెల్ గబుక్కున తలుపు మూసి, "ఇంకా ఆరలేదు, ఎవరూ లోపలికి పోవద్దు" అన్నాడు. మైరె కత్తెరే తీసుకెళ్ళి గోడలకు క్షవరం చేశాడు. కత్తిరించినకొద్దీ పైరు గుబురెక్కింది. పొయ్యి ఇంకా మండిస్తే ఇంకా ఏపుగా లేచింది.

"నీ జేబులో ఆ గడ్డేంటి?" అని అడిగింది మైరె.

"కుందేలుకి."

"మనకి కుందేలేదీ?"

"కొందామనుకుంటున్నా."

"మంచానికి దిక్కులేదు గానీ కుందేలా!" అని మైరె పెట్టె సర్దేసుకుని, వచ్చి తీసుకుపొమ్మని తల్లికి ఫోన్ చేసింది.

ఈలోగా ఎవాల్డ్ కిటికీలోంచి తొంగి చూశాడు. వెచ్చటి గది, మొలకెత్తిన బార్లీ! బీరు కాచేది దానితోనే. పండుగ బీరుకు సరుకు సిద్ధమవుతోందని ఆయన తీర్మానించుకున్నాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

పండుగనాడు మైరె తల్లి సాల్మే బస్సు దిగి వచ్చేసరికి, ఊరు ఊరంతా కొయ్య చెంబులతో గుమ్మం ముందు నిలబడి ఉంది.

"ఏరా, గదినిండా బీరు పెట్టుకుని తలుపేసుకుంటావా?" అంటూ ఎవాల్డ్ తలుపు తోశాడు.

అందరూ నోళ్ళు తెరిచారు. ఎండెల్ తేలు కుట్టిన దొంగలా మూల నక్కాడు.

"రెండేళ్ళు ఆగింది ఈ పొలం చూడ్డానికా?" అంది మైరె, ఏడుపు గొంతుతో.

సాల్మే మాత్రం గోడ దగ్గరికెళ్ళి ఒక మొలకను పట్టి లాగింది. అది ఊడలేదు. పిడికిలితో గోడను తట్టింది. ఆమె కళ్ళు చెమర్చాయి.

"మా నాన్న కట్టిన ఇల్లూ ఇలాగే మొలిచింది. వేళ్ళు మట్టిని పట్టేస్తాయే పిచ్చిదానా! వారంలో ఎండిపోతాయి, చీపురుతో దులిపేస్తే సరి. నీ మనవలు ముసలివాళ్ళయినా పెచ్చూడదు. చేస్తే ఇలా చెయ్యాలి అల్లుడూ పని!"

ఎండెల్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. మైరె వాడివైపు గుర్రుగా చూసి, జేబులో గడ్డి గుర్తొచ్చి ఫక్కున నవ్వింది. తన పెట్టెను తిరిగి లోపలికి తెచ్చుకుంది.

"ఈ మట్టివాసన పీల్చి నలభై ఏళ్ళయింది. ఆ టార్టు ఫ్లాటులో ఏముంది, సిమెంటు తప్ప? నేనిక ఇక్కడే ఉంటా" అని సాల్మే తన సంచిని కూడా పడకగదిలో పెట్టింది. ఆ ఇంట్లో ఉన్నదే ఒక్క పడకగది.

మైరె టార్టుకు వెళ్ళనేలేదు, తల్లే వచ్చేసింది. దంపతుల మూడో ఏటి కాపురం ఆవిరి గుడిసెలో మొదలైంది.