సున్నం గీతల మీద ఒక రోజు కాపురం

బుధవారం పొద్దున్నే వడ్రంగి మేస్త్రి ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. గ్యాస్ స్టవ్, మడత మంచం, నాలుగు కుర్చీలు, నీళ్ల డ్రమ్ము, కోత మెషీను, దాన్ని నడిపే జనరేటరు ఒక్కొక్కటే అందులోకి ఎక్కాయి. చివరికి మేస్త్రి తల్లి కూడా ఎక్కి, మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఇంత హడావిడీ ఒక్క రోజు కోసమే. సాయంత్రానికి సామానంతా మళ్లీ ఇంటికి చేరాలి.

ఈ ఏర్పాటు మేస్త్రి భార్యది. ఊరి చివర రోడ్డు పక్కన కొన్న స్థలంలో పెద్ద వర్క్‌షాపు, దాన్ని ఆనుకుని ఇల్లు కట్టాలని వాళ్ల ఆలోచన. ఇంజనీరు లెక్క వేస్తే ఖర్చు బ్యాంకు ఇస్తానన్న అప్పుని దాటి, మూడో వంతు పైకి పోయింది. ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. వర్క్‌షాపు ఒక్క అడుగు తగ్గినా పన్నెండడుగుల పలక లోపల తిరగదని మేస్త్రి పంతం. పెద్ద హాలు ఉండాల్సిందేనని, ఇల్లు ఒక్క అడుగు తగ్గినా అందులో అడుగు పెట్టనని ఆవిడ పంతం. పదేళ్లుగా ఆయన చేసిన తలుపులకి అద్దె ఇంటి వంటగదిలో పాలిష్ పెడుతూ, వార్నిష్ డబ్బాలు మంచం కింద దాచుకుని ఆ వాసనలోనే నిద్రపోతున్న మనిషి ఆవిడ. ఆ మాత్రం పంతం పట్టే హక్కు ఆవిడకి ఉంది. నెల రోజులుగా ఇద్దరికీ ఉప్పు కావాలా, నీళ్లు కావాలా అన్నంత వరకే మాటలు.

శుక్రవారం బ్యాంకు ఆఫీసరు స్థలం చూడడానికి వస్తాడు. అప్పటికి ఒకే ప్లాను, ఒకే లెక్క చేతిలో పెట్టకపోతే ఈ ఏడాదికి అప్పు మాట మరిచిపొమ్మన్నాడు.

"కాగితం ముందేసుకుని కొట్టుకుంటే ఇది తేలేది కాదండీ," అంది ఆవిడ ఆదివారం రాత్రి. "ఇల్లూ వర్క్‌షాపూ నేల మీద అసలు కొలతలతో సున్నంతో గీయండి. ఒక రోజంతా అందులో ఉండి చూద్దాం. ఏది అక్కర్లేదో మనకే తెలుస్తుంది."

"తెలుస్తుంది. నీ హాలే అక్కర్లేదని తెలుస్తుంది."

"చూద్దాంగా!"

ట్రాలీ కదలబోతుంటే పక్కింటి టైలరు గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటి పిన్నిగారూ, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?"

మేస్త్రి తల్లికి చెవులు బాగానే పనిచేస్తాయి. ఓపికే తక్కువ. "మా సొంతింటికి పోతున్నాం నాయనా. గోడలూ లేవు, కప్పూ లేదు, అయినా పోతున్నాం," అంది. ట్రాలీ మలుపు తిరిగింది. టైలరు పళ్ల మధ్య పట్టుకున్న దారం అలాగే ఉండిపోయింది.

స్థలంలో మేస్త్రి ముందురోజే గీసిన గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. ఆయన నీళ్ల డ్రమ్ము భుజాన వేసుకుని తిన్నగా వంటగదిలోకి నడిచాడు.

"ఆగరా!" అని అరిచింది తల్లి. "గోడలోంచి నడుస్తావేంటి? గుమ్మం అటు."

"అమ్మా, బరువుగా ఉందే!"

"రేపు నిజం గోడ వచ్చాక కూడా ఇలాగే దూరతావా?"

మేస్త్రి డ్రమ్ము మోసుకుంటూ చుట్టూ తిరిగి గుమ్మంలోంచి వచ్చాడు. పది గంటలయ్యేసరికి ఆ ఇంట్లో గోడలున్నట్టే అందరికీ అలవాటైపోయింది. మేస్త్రి భార్య పొయ్యి వెలిగించింది. ఆయన జనరేటరు నడిపి, వర్క్‌షాపులో కోత మొదలుపెట్టాడు. గాలి వంటగది వైపే వీస్తోంది. రంపపు పొట్టు వచ్చి అన్నం గిన్నెలో పడింది, మిగిలింది ఆవిడ కళ్లలో పడింది.

"ఏమండీ, మధ్యలో గోడ ఉందనుకున్నాం కదా!"

"ఆ గోడకి కిటికీ కావాలన్నది నువ్వేగా!"

ఇక్కడ వీళ్లు ఇలా ఉండగా, అక్కడ టైలరు నోరు ఊరుకోలేదు. అతను మందుల షాపతనితో "పాపం, వాళ్లకి గోడలూ లేవు, కప్పూ లేదట" అన్నాడు. మందుల షాపులో అది "గోడలూ కప్పూ కూలిపోయాయట" అయింది. మధ్యాహ్నానికి మేస్త్రి కుటుంబం కట్టుబట్టలతో రోడ్డున పడింది. ఇంటి ఓనరు చెవిన పడగానే అతను పరుగున వచ్చి తన ఇల్లు చూసుకున్నాడు. గోడలన్నీ నిలబడే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాడు. తలుపుకి తాళం చూసి, అయితే మాట మాత్రం చెప్పకుండా ఖాళీ చేశారన్నమాట అని మండిపడి, స్కూటరు స్టార్ట్ చేశాడు.

అతని కంటే ముందే టైలరు పదిమందిని వెంటేసుకుని స్థలానికి చేరుకున్నాడు. అందరి చేతుల్లోనూ దుప్పట్లు. ఆరుబయట పొయ్యి ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటున్న మేస్త్రి భార్యని చూసేసరికి వాళ్ల గుండె నీరైపోయింది. ఒకాయన ఫొటో తీసి, "గూడు చెదిరిన కుటుంబం, ఆదుకోండి" అని ఫోన్లో అందరికీ పంపాడు. ఆ ఫొటో నాలుగు చేతులు మారి బ్యాంకు ఆఫీసరు దగ్గరికి వెళ్లింది. ఆయన అరగంటలో బైకు మీద దిగి, హెల్మెట్ కూడా తీయకుండా గీతలు దాటుకుంటూ వచ్చాడు.

"గోడలోంచి వస్తారేంటి బాబూ? గుమ్మం అటుంది," అంది మేస్త్రి తల్లి.

ఆఫీసరు తిట్టబోయి, ఆవిడ నెరిసిన తల చూసి వెనక్కి తగ్గాడు. చుట్టూ తిరిగి, గుమ్మం దగ్గర బూట్లు విప్పి మరీ లోపలికి వచ్చాడు.

"ఏంటి మేస్త్రిగారూ ఇది! ఉన్న ఇల్లే నిలవనివాళ్లకి కొత్త ఇంటికి అప్పు ఎలా ఇమ్మంటారు? నేను పైవాళ్లకి ఏం చెప్పాలి?"

అంతలో ఓనరు వచ్చి తాళంచెవి ఇమ్మన్నాడు. టైలరు దుప్పటి చేతిలో కుక్కాడు. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. నెల రోజుల పోట్లాటంతా ఇందుకేనా అని మేస్త్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి రంపపు పొట్టు వల్ల వచ్చినవి కావు.

అప్పుడు మేస్త్రి భార్య గరిటెతో గిన్నెని గట్టిగా మోగించింది. "మా ఇల్లు ఎక్కడికీ పోలేదు! కట్టబోయే ఇల్లు మాకు ఎంత కావాలో తెలుసుకుందామని ఒక రోజు ఇందులో ఉంటున్నాం. అంతే!"

టైలరు నెమ్మదిగా, "మరి దుప్పట్లు?" అన్నాడు.

ఆఫీసరు హెల్మెట్ తీసి చుట్టూ చూశాడు. "ఇంతకీ తెలిసిందా, ఎంత కావాలో?"

ఆవిడ జవాబు చెప్పబోయి ఆగిపోయింది. వచ్చిన జనమంతా, తన అత్తగారితో సహా, వర్క్‌షాపుకీ వంటగదికీ మధ్య వరండాగా గీసిన సన్నటి చోట్లోనే ఇరుక్కుని నిలబడ్డారు. నెల రోజులు ఆవిడ పోట్లాడిన హాలు మాత్రం ఖాళీగా ఉంది. పొద్దుట్నుంచీ ఆవిడ కూడా అందులోకి వెళ్లలేదు. ఆ మెత్తటి మట్టి మీద ఒక్క పాదం గుర్తు కూడా లేదు.

"హాలు వద్దండీ," అంది మెల్లగా. "వరండా కాస్త వెడల్పు చేస్తే చాలు."

మేస్త్రి నవ్వచ్చు. నవ్వుదామనే అనుకున్నాడు. కానీ ఆయన కళ్లు వర్క్‌షాపు మూలన తన ఆఫీసు గది అని గీసుకున్న చోటుకి పోయాయి. అక్కడా ఎవరి అడుగూ పడలేదు. పైగా పొద్దుట్నుంచి పొడవాటి పలక తిప్పాల్సి వచ్చిన ప్రతిసారీ ఆయన బయటికి తెచ్చి, ముందున్న ఖాళీలోనే తిప్పాడు.

"నాకు ఆఫీసు గది వద్దు," అన్నాడు. "పలక బయటే తిప్పుకోవచ్చు. వర్క్‌షాపు పదడుగులు తగ్గిద్దాం. ఆఫీసు గది పోగా వచ్చిన చోట్లో నీకు పాలిష్ గది కడదాం. వంటింట్లో ఇంకా ఎన్నాళ్లు పెడతావు?"

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఫొటో తీసినాయన ఈసారి ఫోను జేబులోంచి తీయలేదు.

ఇంజనీరుకి ఫోను చేసి కొత్త కొలతలు చెప్పారు. అతను లెక్క కట్టి, బ్యాంకు ఇచ్చే అప్పులో అంతా సరిపోతుందని, తలుపులు మీరే చేసుకుంటారు కాబట్టి కాస్త మిగులుతుందని కూడా చెప్పాడు. అప్పు ఇవ్వనని చెప్పడానికి వచ్చిన ఆఫీసరు బ్యాగులోంచి కాగితాలు తీశాడు. తాళంచెవి అడగడానికి వచ్చిన ఓనరు, ఇల్లు పూర్తయ్యేదాకా అద్దె పెంచనని మాటిచ్చాడు. తెచ్చిన దుప్పట్లు వరండాలో పరుచుకుని అందరూ టీ తాగారు. టీలో కొద్దిగా రంపపు పొట్టు ఉంది, ఎవరూ పట్టించుకోలేదు.

శుక్రవారం ఆఫీసరు మళ్లీ రాలేదు. స్థలం చూశాం కదా అని ఆఫీసులోనే కూర్చుని రిపోర్టు నింపేశాడు. అందులో "దరఖాస్తుదారుల నివాసం ఎలా ఉన్నది?" అన్న ప్రశ్న దగ్గర కాసేపు కలం ఆపి, చివరికి ఉన్నదున్నట్టు రాశాడు: "గాలీ వెలుతురూ ధారాళం."