ఎగరబోయేముందు భయపెట్టేవారికి సన్మానం

కొండ అంచున గాల్లో తేలే గుడ్డరెక్క పరుచుకుని నిలబడ్డ మనిషి చెవిలో చావు కబుర్లు చెప్పే మహానుభావులకి శాలువా కప్పి సన్మానం చెయ్యాలని నా వాదన. నవ్వకండి. వాళ్లే లేకపోతే మా ఊరి చెలాన్ కొండ మీద నుంచి జనం నిజంగానే ఎగిరిపోతారు. అప్పుడు కొండ మీద ఎవరు మిగులుతారు?

మా పారాగ్లైడింగ్ క్లబ్బులో ఆ మహానుభావులు వెర్లిన్ స్టౌట్ గారు. ముప్ఫై ఏళ్లుగా ఎగురుతున్నారు, ఒంటి మీద ఒక్క గీత కూడా పడలేదు. పడినవాళ్ల వివరాలు మాత్రం అన్నీ ఆయన దగ్గరున్నాయి. ఎవరు, ఏ ఏడు, ఏ ఎముక. మీరిలా హెల్మెట్ పట్టీ బిగించుకుంటారో లేదో, ఆయన పక్కకొచ్చి నిలబడి ఆకాశం వైపు చూసి నాలుక చప్పరిస్తారు.

"ఏం లేదమ్మాయ్. తొంభై ఎనిమిదిలో సరిగ్గా ఇలాంటి మబ్బే పట్టింది. అది గుర్తొచ్చిందంతే," అంటారు.

నాకు యాభై రెండేళ్లు. నన్ను అమ్మాయ్ అని పిలిచేది ప్రపంచంలో ఆయనొక్కరే. ఇది మాత్రం ఉపకారం కాదా?

ఇక ఆరోగ్యం సంగతి చూడండి. ఆయన మాట వింటే గుండె దడదడలాడుతుంది, జిమ్ముకెళ్లే పనిలేదు. ఆకలి చచ్చిపోతుంది. ఒక్క వేసవిలో తొమ్మిది పౌండ్ల బరువు తగ్గాను. వీలునామా రాశాను. మూడేళ్లుగా మాటల్లేని మా చెల్లెలికి కొండ మీద నుంచే ఫోన్ చేసి, ఏడ్చి, క్షమించమన్నాను. తీరా ఆ రోజు ఎగరనేలేదు. క్షమాపణ మాత్రం వెనక్కి తీసుకోవడం కుదరలేదు.

అన్నిటికన్నా పెద్ద లాభం డ్రైవింగు. మా క్లబ్బులో ఒక కట్టుబాటుంది. అందరం వెర్లిన్ గారి ట్రక్కులోనే కొండెక్కుతాం. ఆ రోజు ఎగరనివాళ్లు ట్రక్కుని కిందికి దింపాలి. మూడు వేసవుల్లో నేను దాన్ని నలభై ఒక్కసార్లు దింపాను. ఏ మలుపులో ఏ గుంట ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఎగిరే లైసెన్సు చేతిలో ఉంది కదా అని ఎగురుతూ కూర్చుంటే నాకీ విద్య అబ్బేదా?

ఇందులో ఒక వింతుంది. నేను హెల్మెట్ తీసి ట్రక్కు తాళంచెవి అందుకున్న మరుక్షణం ఆ తొంభై ఎనిమిదినాటి మబ్బు మాయమైపోతుంది. వెర్లిన్ గారు నవ్వుతూ నాలుగడుగులు పరుగెత్తి గాల్లోకి లేస్తారు. నా పిరికితనానికి వాతావరణాన్ని బాగుచేసే మహిమ ఉందని నాకిన్నాళ్లూ తెలీదు సుమండీ!

మా ఆయన డ్వేన్ ప్రతి ఆదివారం కింద మైదానంలో మడతకుర్చీ వేసుకుని నాకోసం చూస్తుంటాడు. మొదటి వేసవిలో ఆకాశం వైపు చూసేవాడు. నేనెప్పుడూ ట్రక్కులోనే దిగేదాన్ని. దిగగానే ఐస్ నీళ్లు అందించేవాడు. ఆ చల్లదనమే నాకు ఎక్కువ గుచ్చుకునేది.

మొన్న ఆదివారం వెర్లిన్ గారు మరీ దయతలిచి, ఎందుకైనా మంచిదని ముందే తాళంచెవి నా చేతిలో పెట్టి, ఒక తుంటి ఎముక కథ ఎత్తుకున్నారు. నా కాళ్లు అప్పుడే ట్రక్కు వైపు తిరిగాయి. యాపిల్ ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే మా క్లబ్బు రోసాల్బా నా పక్కనే తన రెక్క సర్దుకుంటోంది.

"లోర్నా అక్కా, గాలి ఆయన నోట్లో లేదు. ఆ కర్రకి కట్టిన రిబ్బను చూడు. ఏం కనిపిస్తోంది?"

"ఎదురుగాలి. మెల్లగా ఉంది."

"భయంగా ఉందా?"

"చచ్చేంత."

"నాకూ అంతే. పట్టీలు ఇంకోసారి చూసుకో. నాలుగుసార్లు ఊపిరి నెమ్మదిగా వదులు. పైకి లేవడానికి ఎదురుగాలే మంచిది. రిబ్బను అలాగే ఉంటే పరుగెత్తు, మారితే ఆగు," అని తను పరుగెత్తి ఎగిరిపోయింది.

ఇదీ ఒక సలహాయేనా? ఇందులో ఒక ఎముక లేదు, ఒక సంవత్సరం లేదు. అయినా మాట తీసెయ్యలేక తాళంచెవి జేబులో పడేసి, పట్టీలు చూసుకున్నాను, ఊపిరి వదిలాను. రిబ్బను అలాగే ఉంది. పరుగెత్తాను. "అమ్మాయ్, నీ ఎడమవైపు..." అని వెర్లిన్ గారేదో అంటున్నారు. మిగతాది వినపడలేదు. నా కాళ్లు అప్పటికే గాల్లో తొక్కుతున్నాయి.

పిచ్చిదానిలా నవ్వాను. కింద నది, యాపిల్ తోటలు, అగ్గిపెట్టెల్లాంటి ఇళ్లు. ఓ గద్ద నా నవ్వుకి జడిసి పక్కకి తప్పుకుంది. ఈ సంతోషాన్ని మూడు వేసవులు ట్రక్కు స్టీరింగుకి ధారపోశానా అని ఏడుపు కూడా వచ్చింది.

మైదానంలో దిగేటప్పుడు చూశాను. డ్వేన్ కుర్చీ మట్టిరోడ్డు వైపు తిరిగి ఉంది. వెనకనుంచి వెళ్లి భుజం మీద చెయ్యేశాను. ఉలిక్కిపడి నన్ను చూశాడు, నా వెనక కుప్పగా పడున్న రెక్కని చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. "ట్రక్కేదీ?" అన్నాడు.

అప్పుడే నా నడుముకున్న వాకీటాకీ మోగింది. "అమ్మాయ్, తాళంచెవి నీ దగ్గరుందా?"

జేబు తడిమాను. ఉంది. పొరపాటే, ఒట్టు. పాపం, పైన ఆయన తప్ప ఇంకెవరూ లేరు. ఆయన నాకు చేసిన మేలు గుర్తుపెట్టుకుని, ఆయన క్షేమం కోరి ఇలా చెప్పాను:

"ఉంది వెర్లిన్ గారూ. కానీ మీరు ఎగిరి రాకండి, ఇక్కణ్ణించి చూస్తే మబ్బు తొంభై ఎనిమిదిలో లాగే ఉంది. నడిచి మాత్రం అస్సలు రాకండి. ఆ రోడ్డు మీద తోకతో గలగలమనే విషపు గిలక్కాయ పాములు ఎంతెంత లావుంటాయో నేను నలభై ఒక్కసార్లు చూశాను."