ఢిల్లీ వాళ్లు చూడవచ్చిన గోడ

దేవుడికి అన్నీ కనిపిస్తాయి కదా, మరి మన కష్టం మనమే పోయి ఎందుకు చెప్పుకోవాలి? ఈ అనుమానం గురప్పకు ఏళ్ల తరబడి ఉంది. ఒకసారి పూజారి మునిరామయ్యను అడిగితే, ఆయన చేతిలో తీర్థం పోసి, "ముందు మొక్కు తీర్సప్పా, తరవాత అడుగుదువు" అన్నాడు. పసివాడైన కొడుక్కి జ్వరం తగ్గితే కొండకు వచ్చి తలనీలాలు ఇస్తానని గురప్ప మొక్కుకున్నాడు. జ్వరం తగ్గింది. కొడుక్కి మీసాలు కూడా వచ్చాయి. గురప్ప జుట్టు మాత్రం గురప్ప నెత్తిమీదే ఉంది.

ఆ ఏడాది కార్తీకంలో స్వర్ణముఖి పొంగి ఊరిమీద పడింది. గురప్ప ఇంటి వీధిగోడ కూలింది. చెరకు తోటలో మోకాటి లోతు ఇసుక మేట వేసింది. ఊరి దారికి గండి పడింది. మండలం జిల్లాకు రాసింది, జిల్లా హైదరాబాదుకు రాసింది, హైదరాబాదు ఢిల్లీకి రాసింది. మా మనుషులు వచ్చి కళ్లారా చూశాకే సాయం అంది ఢిల్లీ. పైనున్న వాళ్లందరిదీ ఇదే పద్ధతి కాబోలనుకున్నాడు గురప్ప. అంత ఇసుక తీయించడం అతని తరం కాదు. సాయం రాకపోతే ఆ తోట ఇక ఏటిలో భాగమే.

ఈసారైనా గుండు చేయించుకు రావాలని ఒకనాటి పొద్దున సంచి సర్దుకుని గడప దాటబోతుంటే, తలారి ఏకాంబరం రొప్పుతూ వచ్చాడు.

"యాడికప్పా పోయేది? ఢిల్లీ ఆఫీసర్లు వస్తా ఉండారు! ముందు సూసేది నీ ఇల్లే. ఎమ్మార్వో సారు నిన్ను రోడ్డుకాడికి రమ్మన్నాడు, దారి సూపించేదానికి."

గురప్ప చేతిలో సంచి జారింది. లోపల అతని భార్య నాగరత్నమ్మ చేతిలో చెంబు జారింది.

"మనింటికా? ఢిల్లీ నుంచా?" అంది ఆమె. "అయ్యో దేవుడా!"

మధ్యాహ్నం ఎమ్మార్వో హరినాథ్ జీపులో ముందు కూర్చుని గురప్ప దారి చూపించసాగాడు. వెనక కారులో ఢిల్లీ ఆఫీసరు, ఒక్కడే వచ్చాడు. "ఇప్పుడొస్తాది సూడండి సార్ గండి, జీపు దిగాల్సిందే" అన్నాడు. జీపు సాఫీగా సాగిపోయింది. గురప్ప వెనక్కి తిరిగి చూశాడు. గండి లేదు!

"పోనీలే, తోట చూపించు" అన్నాడు హరినాథ్. దారి పక్క తోట అంచున పిడికెడు ఇసుక లేదు. గురప్ప రోడ్డుకాడ కాచుకుని ఉండగా, కార్లు దిగబడకూడదని ఊళ్లోవాళ్లు ట్రాక్టరు పెట్టి ఆ ఇసుకతోనే గండి పూడ్చారు.

జీపు ఇంటిముందు ఆగింది. వాకిలంతా అలికి ముగ్గులు. మామిడి తోరణాలు. కూలిన గోడ కనిపించకుండా నిలువెత్తు తడిక కట్టి, దానికి వెంకన్న పటం తగిలించి, ముందు దీపం వెలిగించి ఉంది.

"ఏంది మే ఇది? వాళ్లొచ్చింది నష్టం సూసేదానికి!"

"సుట్టాలొస్తావుంటే కొంప బాగుసేసుకోకుండా ఉంటారా యాడన్నా?" అంది నాగరత్నమ్మ, పాయసం గిన్నె పట్టుకుని.

ఆఫీసరు బూట్లు విప్పి, పటానికి దండం పెట్టి, పాయసం తాగాడు. హరినాథ్ గురప్ప చెవిలో "గోడ ఎక్కడయ్యా?" అన్నాడు.

"తడిక యెనకాల సార్."

"తీసెయ్!"

"దీపం యెలగతా ఉండాది సార్. సామిని ఎట్ల కదిలించేది?"

ఆఫీసరు ఇంగ్లీషులో ఏదో అని కారెక్కాడు. హరినాథ్ గురప్ప వైపు తిరిగాడు. "ఈ ఊరు బాగానే ఉందట. సాయం వేరే ఊరికి రాస్తారట."

నాగరత్నమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అంతలో దారివైపు నుంచి పెద్ద చప్పుడు. పూడ్చిన గండి కుంగి, కారు ముక్కు కిందికి దిగబడింది. తలుపు తీసి దూకిన ఆఫీసరు నడుముదాకా ఇసుకలో కూరుకుపోయి కేక పెట్టాడు.

"అయ్యో, పెరుమాళే!"

ఊరంతా బిత్తరపోయింది. ఢిల్లీ దొర అరవాయన! తిరుత్తణి సంతలో బెల్లం అమ్మి అరవం నేర్చిన గురప్ప పరుగున వెళ్లి చెయ్యి అందించాడు. ఆపై మాటలన్నీ అరవంలోనే.

"ఈ ఇసుక ఎక్కడిదయ్యా?"

"నా తోటదే సామీ. అంచుది మాత్రమే తీసినారు. లోపలిదంతా అట్లే ఉండాది."

ఆఫీసరు తోటలోకి నడిచాడు. నాలుగు అడుగుల్లో మోకాళ్లదాకా దిగబడ్డాడు. గురప్ప ఇంటికి తిరిగి వచ్చి, పటం ముందు లెంపలేసుకుని, తానే దాన్ని దించి తడిక పక్కకు జరిపాడు. కూలిన గోడను చాలాసేపు చూసి, అక్కడే కూర్చుని రాసుకున్నాడు.

మరునాడు గురప్ప కొండమీద కల్యాణకట్టలో తల వంచి కూర్చున్నాడు. జుట్టు ఒళ్లో రాలుతుంటే, మీసాల కొడుకు పసివాడై మళ్లీ ఒళ్లో పడుకున్నట్టు అనిపించి కళ్లు చెమర్చాయి. పక్కన ఎవరో పలకరించారు. సగం గుండుతో ఆఫీసరు.

"నిన్న గుంటలో మొక్కుకున్నానయ్యా. నీ పని ఢిల్లీకి రాసేశాను. ఇంతకీ నీది ఎప్పటి మొక్కు?"

గురప్ప ఒళ్లోని జుట్టు దులుపుకున్నాడు. "శానా ఏండ్లదే సామీ. కింద నుంచి పైకి వచ్చేసరికి ఆలీసమైంది."

ఆ మాటకు మాత్రం ఆఫీసరు ఆశ్చర్యపోలేదు.