చెమటకు నిలిచే పెన్ను

ఏప్రిల్ మొదటి సోమవారం పొద్దున రత్నాకర్ రెండు కొత్త పెన్నులు జేబులో పెట్టుకుని తార్నాకలోని ఇంటి నుంచి యూనివర్సిటీకి బయలుదేరాడు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో అతను టెక్నీషియన్. పడకగదిలో చిన్న లేత్ మిషన్ పెట్టుకుని, టేకు ముక్కలు తిప్పి నున్నగా చెక్కి, పూత పూసిన మొన, మూత, క్లిప్పు ఉండే లోహపు కిట్లు బిగించి పెన్నులు చేయడం అతని పిచ్చి.

ఆ పిచ్చికి ఇన్నాళ్లకు ఓ దారి దొరికింది. హెడ్ అరుంధతి మేడమ్ సెమినార్ అతిథులకు పన్నెండు పెన్నులు కావాలంది. "పోయినేడు బయట కొన్నవి రెండు నెలలకే నల్లబడ్డయి. ఏ పూత గట్టిదో నెల రోజులు వాడించి చూడండి. తేలితే ప్రతి ఏడూ ఆర్డర్ మీకే."

ఇంట్లో రజిని మాట ఇంకా సూటిగా ఉంది. "ఆర్డర్ రాకుంటే ఆ మిషన్ పాత సామాన్ల ఎంకన్నకు ఇచ్చేస్త. రోజూ మంచం మీద పొట్టు దులుపుకొని పండుడు నాతోని కాదు." రజిని అన్నదంటే చేస్తుంది. పెళ్లయిన పదకొండేళ్లలో రత్నాకర్ నేర్చుకున్నది అదొక్కటే.

అందుకే పరీక్ష పకడ్బందీగా పెట్టాడు. అటెండర్ బిక్షపతి అరచేతుల చెమటకు రిజిస్టర్ కాగితాలే ముడతలు పడతాయి కనుక బంగారు పూత పెన్ను అతనికిచ్చాడు. చెమట సంగతి మొహం మీద అనలేక "నీకోసమే చేసిన, వాడుకో" అన్నాడు. పొద్దస్తమానం ఫైళ్లు రాసే సూపరింటెండెంట్ నరహరికి క్రోమ్ పూత పెన్ను ఇచ్చాడు.

పదకొండు కాకముందే నరహరి వచ్చాడు.

"ఏంది రత్నాకర్, అటెండర్‌కు బంగారం, నాకు స్టీలా?"

"స్టీల్ కాదు సార్, క్రోమ్. బహుశా గిదే గట్టిది."

"గట్టిదైతే ఆయనకే ఇయ్యి. ఇరవై ఆరేండ్ల సర్వీసు నాది!"

పెన్ను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి రత్నాకర్ సెలవు చీటీ 'కారణం స్పష్టంగా లేదు' అని తిరిగొచ్చింది. మర్నాడు నరహరికి బంగారు పెన్ను అందింది, సెలవు కారణం స్పష్టమైంది.

అది చూసి లైబ్రరీ సుజాత తానేం పాపం చేశానని అడిగింది. ఆమెకిచ్చాక టైపిస్టులు అలిగారు. మేడమ్ దృష్టిలో మంచివాళ్లకే బంగారు పెన్ను అని పుకారు పుట్టాక సెలవులో ఉన్నవాళ్లు కూడా వచ్చి రత్నాకర్‌ను పలకరించిపోయారు. మూడు వారాల్లో తొమ్మిది బంగారు పెన్నులు పంచాడు. ఇంట్లో పొట్టు పెరుగు గిన్నె దాకా చేరింది. రజిని ఎంకన్నకు ఫోన్ చేసింది.

నెల తిరిగాక మేడమ్ అందరినీ పెన్నులతో రమ్మంది. తొమ్మిదీ తళతళలాడుతున్నాయి. నరహరిది ప్లాస్టిక్ కవరులోనే ఉంది. బిక్షపతి పెన్నుకు కుంకుమ బొట్టు కూడా ఉంది.

"దీనితో ఏం రాసినవ్?" అంది మేడమ్.

"అయ్యో మేడమ్, గంత మంచి పెన్నుతోని రాస్తరా? దేవుని ఫోటో కాడ పెట్టిన."

"నేను మా బిడ్డ పెండ్లికి దాచిన," అంది సుజాత. బిడ్డ ఆరో తరగతి.

మేడమ్ రత్నాకర్ వైపు తిరిగింది. "రేపటికల్లా రుజువు చూపకుంటే బయటే కొంటా."

రత్నాకర్ కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి గుమ్మంలో ఎంకన్న ట్రాలీ ఉంది. లేత్ అప్పటికే పడకగది దాటి వచ్చేసింది.

"పాత కూలర్ గూడ ఉన్నది ఎంకన్నా, రెండిటికి ఎంతిస్తవో చెప్పు, రాసుకుంట," అంటూ రజిని కొప్పులోంచి పెన్ను తీసింది. క్రోమ్ పెన్ను.

"గదెక్కడిది?"

"నువ్వు గూట్లె పడేసిందే. నెల సంది నా దగ్గరనే ఉన్నది."

"దీంతోని ఏం జేస్తున్నవ్?"

"ఏం జేస్త? పాల ప్యాకెట్లు పొడుస్తున్న, స్టవ్ బొక్కలల్ల మసి తీస్తున్న, పచ్చడి జాడి మూత లేపుతున్న. ఏం, అరిగిందా?"

రత్నాకర్ చొక్కా కొసతో తుడిచాడు. నూనె పోయింది, పూత పోలేదు. ఆనందం పట్టలేక ఎంకన్నను కౌగిలించుకున్నాడు.

మర్నాడు మేడమ్ భూతద్దం పెట్టి చూసింది. ఒక్క గీత కనపడలేదు. క్రోమ్ ఖాయమైంది, ఏటేటా ఆర్డర్ కూడా. కాకపోతే కొత్త రకం ఏదైనా ముందు నెల రోజులు రజిని గారికి ఇవ్వాలని ఆవిడ షరతు పెట్టింది. లేత్ పడకగదికి తిరిగొచ్చింది, ఎంకన్న కూలర్‌తో సరిపెట్టుకున్నాడు.

సెమినార్ ముగిశాక పన్నెండుమంది అతిథులూ ఆ పెన్నులను పెట్టెలతో సహా బ్యాగుల్లో భద్రపరుచుకుని, ప్రయాణ ఖర్చుల ఫారం మీద సంతకానికి బిక్షపతిని పెన్ను అడిగారు.